41 వేల ర్యాంకు, బీసీ-డి, శ్రీకాకుళం జిల్లా: కన్వీనర్ సీటు కోసం ఆగాలా, మేనేజ్‌మెంట్‌లో సీఎస్‌ఈ కట్టేయాలా?

వంశధార_ఒడ్డు అడిగారు:

నమస్కారమండి. మా అన్నయ్య కూతురికి ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 41 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. ఊరు నరసన్నపేట దగ్గర. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువంతా జిల్లాలోనే. బీసీ-డి. రేషన్ కార్డు ఉంది, ఎకరంన్నర పల్లం భూమి. పిల్లకి సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మీదే మనసు.

ఇంట్లో ఎవరి మాట వాళ్ళది. ఒక కాలేజీ తరఫున మనుషులొచ్చి "మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఖాయం, ఏడాదికి లక్షా అరవై వేలు, ఇప్పుడు విడిగా లక్షన్నర కడితే సీటు పేరు మీద రాసేస్తాం" అన్నారు. ఆ లక్షన్నరకి రసీదు ఉండదట. అన్నయ్య పొలం మీద అప్పు తేవడానికి కూడా సిద్ధపడిపోయాడు. మా పెద్ద మామయ్యదేమో ఇంకో మాట: "కులం రాస్తే ఓసీ సీటు పోద్ది, ర్యాంకొచ్చిన పిల్లని కోటాలోకి ఎందుకు తోస్తారు, ఓసీలోనే పెట్టండి" అని. పిల్ల మాత్రం కన్వీనర్‌లో, అంటే ర్యాంకును బట్టి జరిగే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, ఏదొస్తే అది చదువుతానంటోంది, కానీ ఆ మాట అప్పు భయంతో అంటోందని నాకు తెలుసు.

మెరిట్‌లో వెళ్ళాలా, కోటాలో వెళ్ళాలా, డబ్బు కట్టాలా? ఏటి చెయ్యమంటారు? ఆప్షన్లు ఎలా పెట్టాలో కూడా తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

---

పాలిటెక్నిక్_రోడ్డు:

ముందు మీ మామయ్యగారి మాట తేల్చేద్దాం, ఎందుకంటే ఆ అపోహ వల్లే ఏటా చాలామంది పిల్లలు చేతికందే సీటు పోగొట్టుకుంటారు.

కన్వీనర్ కోటాలో మెరిట్ దారి, కోటా దారి అని రెండు దార్లు లేవు. దరఖాస్తు ఒకటే, వరస ఒకటే. కంప్యూటర్ ఒకటో ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పిలుస్తుంది. మీ పిల్ల వంతు వచ్చినప్పుడు ఆమె పెట్టిన మొదటి ఆప్షన్ తీసుకుని, అక్కడ ఓసీ సీటు మిగిలి ఉందా అని చూస్తుంది. ఉంటే ఓసీలోనే ఇచ్చేస్తుంది, బీసీ-డి సీటు జోలికే పోదు. లేకపోతే ఓసీ అమ్మాయిల సీటు, ఆ తర్వాత బీసీ-డి, బీసీ-డి అమ్మాయిల సీటు చూస్తుంది. ఇవేవీ లేకపోతేనే రెండో ఆప్షన్‌కి దిగుతుంది.

అంటే కులం రాసినందువల్ల ఓసీ సీటు పోదు, అదనంగా ఇంకో రెండు తలుపులు తెరుచుకుంటాయి. ఓపెన్ సీటు అంటే అగ్రకులాల సీటు కాదు, ర్యాంకున్న అందరి సీటు. సొంత మెరిట్‌తో ఓపెన్‌లో వచ్చినవాళ్ళని రిజర్వేషన్ లెక్కలో కలపకూడదని 1992లో ఇందిరా సాహ్నీ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మహిళల కోటా విషయంలో కూడా ఓపెన్ సీటు అందరిదీ అని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో మళ్ళీ ఖాయం చేసింది. పైగా డిగ్రీ పట్టా మీద గానీ మార్కుల మెమో మీద గానీ ఏ కోటాలో చేరారో రాయరు.

కులం రాయకపోతే ఏమవుతుందో కూడా చూడండి. 60 సీట్ల సీఎస్‌ఈ ఉందనుకోండి. 70 శాతం కన్వీనర్, అంటే 42. మిగతా 18 మేనేజ్‌మెంట్. ఆ 42లో ఎస్సీ 15 శాతం, ఎస్టీ 6, బీసీలకి అన్ని గ్రూపులూ కలిపి 29 (ఎ 7, బి 10, సి 1, డి 7, ఇ 4). మిగతా సగం, 21, ఓపెన్. బీసీ-డి 7 శాతం లెక్కకి దాదాపు 3 సీట్లు, కులం రాయకపోతే చేజారేవి ఇవే. ప్రతి వర్గంలోనూ మూడో వంతు అమ్మాయిలకి కాబట్టి ఆ మూడింట్లో ఒకటి అమ్మాయిది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల కోటా) 10 శాతం వీటిపైన అదనంగా కలుస్తుంది, వీటిలోంచి తీయరు.

ఒకే ఒక్క సీటు అన్నమాట గుర్తుపెట్టుకోండి. కిందటేడు చివరి ర్యాంకు చూసి ఈ ఏడాది కూడా అంతే అనుకోవడం అందుకే ప్రమాదం. ఒక్క సీటున్న చోట ఒక్క పిల్ల ఆప్షన్ మార్చుకుంటే చివరి ర్యాంకు పది వేలు అటో ఇటో గెంతుతుంది. అదే 180 సీట్ల బ్రాంచి అయితే కన్వీనర్‌వి 126, అందులో బీసీ-డికి 9 దాకా, అమ్మాయిలకి 3. అక్కడ కటాఫ్ కాస్త నిలకడగా ఉంటుంది. కటాఫ్ చూసేటప్పుడు పక్కన సీట్ల సంఖ్య కూడా చూడండి.

---

చంపావతి_తీరం:

పై మాస్టారు చెప్పినదానికి కటాఫ్ పట్టిక చదవడం కలుపుతున్నాను. ఉన్నత విద్యా మండలి వాళ్ళు పెట్టే 'లాస్ట్ ర్యాంక్' పట్టిక చూడగానే కళ్ళు తిరుగుతాయి. ఒక వరస తీసుకుని ఎడమ నుంచి కుడికి వేలు పెట్టి చదవండి. మొదట కాలేజీ కోడ్, పేరు. తర్వాత రకం: పీవీటీ అంటే ప్రైవేటు, యూఎన్‌ఐవీ అంటే యూనివర్సిటీ సొంత కాలేజీ, ఎస్‌ఎఫ్ అంటే అదే యూనివర్సిటీలో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు, పీయూ అంటే ప్రైవేటు యూనివర్సిటీ. తర్వాత రీజియన్: ఏయూ అంటే ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, ఎస్వీయూ అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. మనది ఏయూ. జిల్లా కాలమ్‌లో ఎస్‌కేఎల్ శ్రీకాకుళం, వీజడ్‌ఎం విజయనగరం. అక్కణ్ణుంచి బ్రాంచి కోడ్, తర్వాత వర్గాలవారీగా బాయ్స్, గర్ల్స్ అని జంటలు జంటలుగా చివరి ర్యాంకులు. చిట్టచివర ఫీజు.

జాగ్రత్త పడాల్సినవి ఇక్కడే ఉన్నాయి.

'బాయ్స్' కాలమ్ చూసి మన పిల్లకి కాదని వదిలేయకండి. మూడింట రెండు వంతుల సీట్లు అబ్బాయిలకి కేటాయించినవి కావు, అందరివీ. కాబట్టి ఆమె నాలుగు గళ్ళు చూడాలి: ఓసీ రెండూ, బీసీ-డి రెండూ. నాలుగింట్లో ఏ ఒక్కటి 41 వేలకన్నా పెద్ద అంకె ఉన్నా ఆ కాలేజీ ఆమెకి అందే దూరంలో ఉన్నట్టే.

యూఎన్‌ఐవీ, ఎస్‌ఎఫ్ రెండు వరసలు పక్కపక్కనే ఉంటాయి. కాలేజీ ఒకటే, ల్యాబు ఒకటే, ఫీజు వేరు. చివరి కాలమ్ చూడకుండా ఎస్‌ఎఫ్ పెట్టేసి, సీటొచ్చాక ఫీజు చూసి బెంబేలెత్తేవాళ్ళు ఎక్కువ.

బ్రాంచి కోడ్‌లో సీఎస్‌ఈ ఒక్కటే కంప్యూటర్ కాదు. సీఎస్‌ఎం అంటే ఏఐ-ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, ఐఎన్‌ఎఫ్ అంటే ఐటీ. మొదటి రెండేళ్ళ సబ్జెక్టులు చాలావరకు ఒకటే. "సీఎస్‌ఈయే కావాలి" అని ఒక్క కోడ్ పట్టుకుని కూర్చుంటే అదే కాలేజీలో ఐటీ సీటు చేయి జారిపోతుంది. నా లెక్కలో మంచి కాలేజీలో ఐటీ, పేరు తెలియని కాలేజీలో సీఎస్‌ఈ కన్నా మేలు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సంగతి పిల్ల ఇష్టాన్ని బట్టి. ఫిజిక్స్ అంటే భయం లేకపోతే పెట్టుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ కొలువులకి ఈసీఈ వాళ్ళనీ పిలుస్తారు.

ఇంకొకటి. ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారానే నింపుతారు. వాటి సొంత పరీక్ష రాసి, ఆ ఫీజు చూసి భయపడి, ఎంసెట్ జాబితాలో అదే యూనివర్సిటీ ఉందని గమనించనివాళ్ళు ఉన్నారు.

---

పాలిటెక్నిక్_రోడ్డు:

ఆప్షన్ల వరస గురించి కూడా చెప్పాలి, అక్కడే పిల్లలు దెబ్బ తింటారు.

వచ్చే అవకాశాన్ని బట్టి కాదు, ఇష్టాన్ని బట్టి పెట్టాలి. అందదనుకున్న కాలేజీ పైన పెట్టినందుకు నష్టమేమీ లేదు. అక్కడ రాకపోతే కంప్యూటర్ కిందికి దిగుతుంది, అంతే. కానీ ఖాయంగా వచ్చేది పైన పెడితే అది తగలగానే అక్కడితో ఆగిపోతుంది, కింద ఎంత మంచిది ఉన్నా చూడదు. పది ఆప్షన్లు పెట్టి చేతులు దులుపుకోవద్దు. 41 వేల ర్యాంకుకి, మన రెండు జిల్లాలూ విశాఖ కలుపుకుని, కనీసం నలభై యాభై పెట్టండి.

ముందు కాగితం మీద రాసుకోండి. కాలేజీ కోడ్ ఎక్కువగా నాలుగక్షరాలు, ఒక్క అక్షరం తేడాతో వేరే జిల్లా కాలేజీ అయిపోతుంది. రాసుకున్న కాగితం ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఎక్కించండి. ఎక్కించాక ప్రింటు తీసి మళ్ళీ సరిచూడండి. మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు, ఆ రోజు సర్వర్ నెమ్మదిగా ఉంటుంది, సాయంత్రం దాకా ఆగకండి. నెట్ సెంటర్‌లో చేయిస్తే పాస్‌వర్డ్ వాళ్ళ చేతిలో వదిలేయకండి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళదే అయి ఉండాలి.

సీటు వచ్చాక రెండు పనులు, రెండూ గడువులోగా జరగాలి. వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, తర్వాత కాలేజీకి వెళ్ళి రిపోర్టింగ్. మొదటిది చేసి రెండోది మరిచినా సీటు పోయినట్టే.

రెండో విడతలో ఇంకా మంచిది కావాలనుకుంటే, మొదటి సీటులో రిపోర్టు చేసి మళ్ళీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కానీ రెండో విడతలో ఏదైనా వచ్చిందంటే మొదటిది తనంతట అదే రద్దయిపోతుంది, వెనక్కి రాదు. అందుకని రెండో విడతలో, చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మేలైనవి మాత్రమే పెట్టాలి. సరదాకి పెట్టిన పాతికో ఆప్షన్ తగిలి ఉన్నది ఊడిపోతుంది.

ప్రాసెసింగ్ ఫీజు బీసీలకి 1200, ఎస్సీ ఎస్టీలకి 600. అనుమానం ఉంటే శ్రీకాకుళం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గానీ విజయనగరం ఎం.ఆర్.ఎ.జి.ఆర్. పాలిటెక్నిక్‌లో గానీ హెల్ప్‌లైన్ సెంటర్ ఉంటుంది. వెళ్ళి అడగండి, డబ్బేమీ తీసుకోరు.

---

నాగావళి_గట్టు:

ఇక మేనేజ్‌మెంట్ సీటు. మీ అన్నయ్యగారికి ఈ లెక్క చూపించండి.

ఏడాదికి లక్షా అరవై చొప్పున నాలుగేళ్ళకి 6 లక్షల 40 వేలు. విడిగా అడిగిన లక్షన్నర కలిపితే 7 లక్షల 90 వేలు. హాస్టల్ గానీ బస్సు గానీ ఇందులో లేదు. ఇదంతా జేబులోంచి పోయేది, ఎందుకంటే మేనేజ్‌మెంట్ కోటా సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అమ్మాయి బీసీ అయినా, తెల్ల కార్డు ఉన్నా రాదు. "తర్వాత మేం చూసుకుంటాం, కన్వీనర్‌లోకి మార్చేస్తాం" అంటారేమో, అలా మార్చడం కాలేజీ చేతిలో లేదు.

కన్వీనర్ సీటైతే ఫీజు ఎంతన్నది రాష్ట్రంలో ఫీజులు నిర్ణయించే కమిషన్ ఖరారు చేసిన అంకె, కాలేజీ ఇష్టం కాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, పల్లం పదెకరాల లోపు ఉంటే రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉంటుంది. మీది ఎకరంన్నర, ఆ అడ్డు లేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు గానీ ఉంటే అక్కడ ఆగిపోతుంది, రేషన్ కార్డులో ఎవరెవరి పేర్లున్నాయో ఇప్పుడే చూసుకోండి. పెళ్ళయి వేరుపడ్డ అన్నదమ్ముల పేర్లు ఒకే కార్డులో ఉండి, వాళ్ళలో ఒకరి ఉద్యోగం వల్ల పిల్ల దరఖాస్తు తిరిగొచ్చేయడం మామూలే. చేరాక 75 శాతం హాజరు తగ్గకూడదు. డబ్బు విడుదల ఆలస్యమైతే కొన్ని చోట్ల పరీక్షల ముందు ఫీజు కట్టమని ఒత్తిడి చేస్తారు. కాస్త డబ్బు చేతిలో ఉంచుకోవడం మంచిది, ఆ సాకుతో మేనేజ్‌మెంట్ సీటు వైపు మాత్రం పోకండి.

రసీదు లేని లక్షన్నర గురించి సూటిగా చెబుతాను. అది నేరం. క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1983 నుంచి ఉంది. రసీదు లేదంటే, రేపు సీటు రాకపోయినా, పిల్ల కన్వీనర్ సీటొచ్చి వెళ్ళిపోయినా ఆ డబ్బు అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క ఉండదు. రసీదుతో కట్టిన ఫీజు సంగతి వేరు. గడువులోగా మానుకుంటే వెయ్యి రూపాయలకి మించకుండా ప్రాసెసింగ్ ఖర్చు తీసుకుని మిగతాది తిరిగివ్వాలని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి కేంద్ర మండలి) నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టేపెట్టుకోకూడదన్నది కూడా అందులోనే ఉంది. ఈ సీజన్‌లో "సీటు బుక్ చేయడానికి టెన్త్ మెమో ఇచ్చేయండి" అని ఎవరు అడిగినా ఇవ్వొద్దు. మెమో వాళ్ళ దగ్గరుంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన కాలేజీకి ఏం చూపిస్తారు?

మేనేజ్‌మెంట్ సీటు తప్పని నేనను. కుటుంబానికి స్తోమత ఉండి, కాలేజీ నిజంగా మంచిదై, రసీదుతో ఫీజు కట్టి, ప్రవేశం ఉన్నత విద్యా మండలి ర్యాటిఫికేషన్‌కి (ఆమోదానికి) వెళ్తుందని చూసుకుని చేరితే అది చట్టబద్ధమే. ర్యాటిఫికేషన్ కాకపోతే యూనివర్సిటీ పరీక్షల రిజిస్ట్రేషన్ దగ్గర పేరు ఆగుతుంది, అది అడిగి తెలుసుకోవాలి. కానీ ఎకరంన్నర పొలం తాకట్టు పెట్టి, ర్యాంకున్న పిల్లకి, కౌన్సెలింగ్ మొదలవకముందే కొనాల్సిన సరుకు కాదది. ఇప్పుడు ఖాయం చేసుకోకపోతే సీటు ఉండదు అన్న తొందర వాళ్ళది. మీకు ఆ తొందర లేదు.

స్పాట్ అడ్మిషన్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిపోయిన సీట్లవి. వాటికి కూడా రీయింబర్స్‌మెంట్ ఉండదు.

---

ఇచ్ఛాపురం_స్టేషన్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వైపు పిల్లలు చాలామంది ఒడిశాలోని బరంపురంలో ఇంటర్ చదువుతారు. వాళ్ళకీ ఈ బీసీ, ఓసీ లెక్క ఇలాగే ఉంటుందా?

---

పాలిటెక్నిక్_రోడ్డు:

ఉండదండి, మొదటి అడుగులోనే తేడా వస్తుంది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. లోకల్ అంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, ఏయూ ప్రాంతంలో చదివి ఉండాలి. ఊరు ఇచ్ఛాపురమే అయినా, ఇల్లు అక్కడే ఉన్నా, ఇంటర్ బరంపురంలో చదివితే ఆ వరస తెగిపోయింది. అప్పుడు మిగిలేది 15 శాతం. దానికి తల్లిగానీ తండ్రిగానీ పదేళ్ళు రాష్ట్రంలో నివసించినట్టు తహసీల్దార్ ఇచ్చే నివాస పత్రం కావాలి. ఆ 15 శాతంలో రాష్ట్రం మొత్తం పోటీ.

అక్కడి బోర్డు మార్కులు ఎంసెట్ వాళ్ళకి వాటంతట అవి చేరవు. ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, మార్కులు మీరే పంపకపోతే ర్యాంకు రాదు. పదో తరగతిలో ఉన్న పిల్లలుంటే ఈ సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి, ఇంటర్‌లో చేరాక చేసేదేమీ లేదు.

---

చంపావతి_తీరం:

సర్టిఫికెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

కులం, నేటివిటీ, పుట్టిన తేదీ మూడూ ఉండే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ నుంచి వస్తుంది. దాని నంబరు ఎంసెట్ దరఖాస్తులో వేస్తే చాలావరకు వివరాలు అవే సరిపోలుతాయి. సరిపోలనిది ఎక్కడంటే పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, కుల పత్రంలో ఒక్క అక్షరమే ఉంటే పెండింగ్ పెడతారు. పెండింగ్‌లో ఉండగా ఆప్షన్లు తెరుచుకోవు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే టెన్త్ మెమోలో ఉన్నట్టే కుల పత్రం మార్పించుకోండి, మెమో మార్చడం పెద్ద పని.

బీసీ వేరు, ఓబీసీ వేరు. ఇది మన ఉత్తరాంధ్రలో మరీ ముఖ్యం. రాష్ట్ర జాబితాలో బీసీ అయిన కులం కేంద్ర జాబితాలో ఓబీసీ కాకపోవచ్చు, మన జిల్లాల్లో అలాంటి కులాలు ఉన్నాయి. జేఈఈ, నీట్ ఆలిండియా కోటా, సీయూఈటీ, వీటన్నిటికీ కేంద్ర జాబితాయే లెక్క. అందులో పేరు లేకుండా ఓబీసీ అని టిక్ చేస్తే, ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ దగ్గర సీటు రద్దవుతుంది. పేరు ఉన్నా, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. నిరుటిది చెల్లదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కి ఈ క్రీమీలేయర్ గొడవ లేదు. కేంద్ర జాబితాలో లేని రాష్ట్ర బీసీలు కేంద్ర సంస్థల్లో ఈడబ్ల్యూఎస్‌కి అర్హులో కాదో కూడా చూసుకోండి. 8 లక్షల లోపు ఆదాయం, ఐదెకరాల లోపు భూమి లాంటి షరతులుంటాయి.

ఇంట్లో ఎవరైనా సైన్యంలో చేశారా? మన జిల్లాలో సిపాయిల ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను. సీఏపీ, అంటే సైనికుల పిల్లల కోటా కింద 2 శాతం ఉంది. అయితే అది తండ్రిగానీ తల్లిగానీ చేస్తేనే, బాబాయి చేస్తే పనికిరాదు. ఎన్‌సీసీ 1 శాతం, క్రీడలు అర శాతం, దివ్యాంగులకి 5 శాతం. ఈ ప్రత్యేక వర్గాలవాళ్ళు ఒరిజినల్స్‌తో స్వయంగా వెరిఫికేషన్‌కి వెళ్ళాలి, ఆన్‌లైన్‌లో అయ్యేది కాదు. తేదీ తప్పితే ఆ అవకాశం ఆ ఏడాదికి పోయినట్టే.

---

కోట_బురుజు:

ఇదే సందర్భంలో నీట్ పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ 150 సీట్లతో 2023లో మొదలైంది. "ప్రభుత్వ కాలేజీ కదా, ఫీజు 15 వేలే" అని ఆప్షన్ పెట్టేస్తారు. ఆ ఏడాది వచ్చిన జీవో ప్రకారం కొత్త కాలేజీల్లో, ఆలిండియా కోటా 15 శాతం తీసేశాక మిగిలినవాటిలో సగమే 15 వేల సీట్లు. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్, ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్‌ఆర్‌ఐ, 20 లక్షలు. గోడ మీద పేరు ప్రభుత్వ కాలేజీయే, సీటు రకం వేరు. శ్రీకాకుళం కాలేజీ 2008 నాటిది, పాతది, అక్కడ ఈ విభజన లేదు. ఆప్షన్ నొక్కేముందు ఏ కేటగిరీ నోటిఫికేషన్‌కి పెడుతున్నారో, ఆ ఏడాది జీవో ఏం చెబుతోందో చదవండి.

---

వంశధార_ఒడ్డు:

అందరికీ వందనాలు. మామయ్యకి పాలిటెక్నిక్ మాస్టారు రాసిన వరస చదివి వినిపించాను. "అయితే ఓసీలో చూసిన తర్వాతే బీసీ చూస్తాదన్నమాట" అని ఒప్పుకున్నారు. అన్నయ్య మాత్రం ఇంకా భయపడుతున్నాడు: కన్వీనర్‌లో సీఎస్‌ఈ రాక, అప్పటికి మేనేజ్‌మెంట్ సీటు కూడా అయిపోతే పిల్ల రెంటికీ చెడుతుందేమో అని. దీనికి ఏం చెప్పమంటారు? ఇంకోటి, రెండో పిల్ల ఊళ్ళో జెడ్పీ హైస్కూల్లో పదో తరగతి. ఆమెకి ఇప్పటినుంచే చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

---

నాగావళి_గట్టు:

అన్నయ్యగారి భయం అర్థమయింది, అది తీసిపారేయాల్సినది కాదు. ఇలా చెయ్యండి. చంపావతి గారు చెప్పినట్టు నాలుగు గళ్ళూ చూసి, ఆ నాలుగింట్లో ఏదో ఒకటి 55 వేలు దాటిన కాలేజీలు ఒక అయిదారు ఏరండి. వాటిలో సీఎస్‌ఈ, ఐటీ, సీఎస్‌ఎం, సీఎస్‌డీ అన్నీ ఆప్షన్ల జాబితాలో అడుగున పెట్టండి. 41 వేల ర్యాంకుకి అక్కడ కొంత వెసులుబాటు ఉంటుంది. కిందటేడు అంకెలు ఎంత గెంతినా ఆ పది ఇరవై ఆప్షన్లలో ఏదో ఒకటి తగలడానికే ఎక్కువ అవకాశం. మొదటి విడతలో అది చేతికొస్తే రిపోర్టు చేసి ఉంచుకుని, రెండో విడతలో పైవాటి కోసం చూడండి.

అప్పటికీ మనసు ఒప్పకపోతే, మేనేజ్‌మెంట్ సీటు గురించి మొదటి విడత ఫలితం చూశాక మాట్లాడండి. మొదటి విడత అయ్యాక వాళ్ళ ధర తగ్గినా తగ్గొచ్చు, ఖాళీలు ఎన్నో వాళ్ళకీ తెలిసిపోతుంది కాబట్టి. ఇప్పుడు ఇంటికొచ్చిన మనిషితో "మొదటి అలాట్‌మెంట్ అయ్యాక రండి, రసీదు పుస్తకం పట్టుకురండి" అని మాత్రం చెప్పండి.

---

చంపావతి_తీరం:

రెండో పిల్ల సంగతి: పదో తరగతి మార్కుల మీదే ఆర్‌జీయూకేటీ (రాష్ట్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీ) సీట్లు ఇస్తారు, ఎంసెట్‌తో పని లేదు. మనకి ఎచ్చెర్లలో శ్రీకాకుళం క్యాంపస్ ఉంది. ఆరేళ్ళ కోర్సు, ఇంటర్ కూడా అందులోనే. హాస్టల్ లేని ప్రభుత్వ, జెడ్పీ బడుల పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. అది పల్లెబడి పిల్లలకి చాలా పెద్ద ఆసరా. మధ్యలో ప్రైవేటు స్కూలుకి మార్చే ఆలోచన ఎవరికైనా ఉంటే ఆపండి, మారిస్తే ఆ 4 శాతం పోతుంది. నోటిఫికేషన్ పది ఫలితాల చుట్టుపక్కల వస్తుంది. కుల పత్రం, రేషన్ కార్డు అప్పటికే చేతిలో ఉండాలి. పెద్దపిల్ల కాగితాల కోసం సచివాలయానికి ఎలాగూ వెళ్తారు, చిన్నపిల్లవి కూడా అదే రోజు దరఖాస్తు పెట్టేయండి. పేరు మాత్రం బడి రికార్డులో ఎలా ఉందో హెడ్మాస్టర్ గారిని అడిగి, అదే రాయించండి.